పంతులుకు పురుగు ముట్టిన కథ

మొన్న శుక్రవారం పగటాల్ల నేను సచ్చిపోయిన. భువనగిరంతటికి తెలిసింది, నాకొక్కనికే ఆలస్యంగ తెలిసింది. నవ్వకుండ్రి. ముందుగాల చాయ్ తెమ్మనుండ్రి. గొంతు తడుపుకొని మొదటికెల్లి చెప్త.

నాకు పురుగుల పిచ్చి అని మీకు ఎరుకే. ఒక్కొక్కనికి ఒక్కో పిచ్చి. మా హెడ్మాస్టరుకు అత్తరు పిచ్చి, మా ఇంటామె మార్తమ్మకు ఇల్లు అలికే పిచ్చి, నాకు గీ పిచ్చి. బడి ఇడువంగనే గుట్ట ఎనుకకు పోయి పొదలల్ల తల పెట్టి కూసుంట. దీన్ని నాకు అంటించింది దవాఖాన డాక్టరు సాబు. ఆయనది పట్నం. దొరికిన పెంకు పురుగునల్ల సూదికి గుచ్చి, లావుపాటి ఇంగ్లీషు కితాబు తెరిచి, పేరు పట్టి రాసి పెడ్తడు. పేరు దొరికిన్నాడు ఆయన మొఖం పండుగ లెక్క ఉంటది. రోగులు గూడ ఆ దినం చూసుకొనే పోతరు.

మూడు వారాల కింద నాకు గుట్ట ఎనుక వెండి పురుగు కనపడ్డది. వేలెడంత గూడ లేదు. ఒక తీగె ఆకు కింద తలకిందులుగ ఏలాడుతున్నది. గొంగడి పురుగు ముడుచుకొని గూడు కట్టుకుంటది సూడుండ్రి, గట్లాంటిదే. కాని అచ్చం వెండి. కంసాలి మెరుగు పెట్టినట్టున్నది. వంగి చూస్తే నా మీసం దాంట్ల కనపడ్డది. ఉరుకుకుంట దవాఖానకు పోయి చెప్పిన.

డాక్టరు సాబు నవ్విండు. "మాస్టర్ సాబ్, ఎండకు నీ కండ్లు చెదిరినయి. గసొంటిది నా కితాబుల లేదు."

"కితాబుల లేకపోతే గుట్ట మీద ఉండొద్దా సాబ్?" అన్న.

మందు కోసం కూసున్నోళ్లు పది మంది పకపక నవ్విన్రు. సాబుకు కోపమొచ్చింది. లేచి లోపలికి పోయి తన ఫోటో పెట్టె తెచ్చి నా చేతిల పెట్టిండు. "తీస్కపో. ఒక్కటే ప్లేటు మిగిలింది. లడాయి దినాలు, ఇంకో ప్లేటు ఎప్పుడొస్తదో ఖుదాకే తెలుసు. తస్వీరు తెస్తే నీ పేరు పెట్టి బొంబాయి పురుగుల సంఘానికి పంపుత. తేకపోతే ఇగ నా దవాఖానల పురుగు మాట ఎత్తొద్దు."

నా పేరు, బొంబాయికి. మా నాయిన దొర కాడ పాలేరుగ జీతమున్నోడు. ఆయన పేరు ఊరి పొలిమేర దాటలే, ఊళ్లె గూడ ఎవ్వలు సక్కగ పిలువలే. అసొంటి మనిషి కొడుకు దావీదు పేరు ఇంగ్లీషు అచ్చరాలల్ల బొంబాయిల పడ్తదంటే నాకెట్లుంటది? మూడు రాత్రులు నిద్ర పట్టలే. మార్తమ్మ నాకు జరమొచ్చిందని నుదురు పట్టి చూసింది.

ఆ పెట్టె సంగతి జర చెప్పాలె, లేకపోతే ముందర కథ తెలువది. నల్ల పెట్టె, ముందర అద్దం కన్ను, కింద మూడు పొట్టి కాళ్లు. ఎనుక నల్లబట్ట కప్పుకొని దాంట్ల తల పెట్టి చూడాలె. ప్లేటుకు ఒక రేకు మూత ఉంటది. మూత పైకి గుంజి, రబ్బరు బుడ్డి పిసకాలె. బుస్సుమని సప్పుడైతది, కన్ను తెరుచుకొని మూసుకుంటది. ఎంబడే రేకు కిందికి దించాలె. దించకుంట బుడ్డి మల్ల పిసికితే బొమ్మ మీద బొమ్మ పడ్తది. గీ మాట డాక్టరు సాబు నాకు నాలుగు మాట్ల చెప్పిండు. నాలుగు మాట్ల నేను "జీ హా" అన్న.

శుక్రవారం బడికి సెలవు గదా, చీకటితోటే లేసి పోయిన. "శాపల పులుసు పెడ్తున్న, ఎండ ముదరక ముందే రా" అన్నది మార్తమ్మ. ఎండ కోసం రెండు శుక్రవారాలు ఆగేసరికే మూడు వారాల కిందటిది రెక్కలొచ్చి ఎగిరిపోయింది గాని, అదే తీగెకు కొత్తది ఏలాడుతున్నది. దండం పెట్టుకున్న. తీగె నేలబారున ఉన్నది. నేను బోర్ల పండుకొని, నల్లబట్ట తల మీంచి నడుము దాకా కప్పుకొని, కన్ను సరిజేసిన. మూరెడు దూరంల పురుగు, దాని ఎనుక చీకటి పొద. అంతా బాగనే ఉన్నది, ఎండ ఒక్కటి లేదు. మొగులు కమ్ముకున్నది.

ఎండ కోసం పండుకున్న. పండుకొనే ఉన్న. పరికి ముండ్లు మణికట్టుకు రెండు గుచ్చుకున్నయి. మెడ పట్టుకున్నది. చేతులు తిమ్మిరెక్కినయి. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి. పగటాల్లయింది. గప్పుడు మేకల గంటలు ఇనపడ్డయి. గొల్ల మల్లయ్య. మా వాడకట్టు దిక్కే రోజూ తోలుకపోతడు.

"ఎవలది?" అన్నడు దూరంకెల్లి.

"నేనే మల్లన్నా, దావీదు పంతులును." బట్ట తీస్తే వెలుగు లోపలికి పోతదని తల బయట పెట్టలే.

"గట్ల బోర్ల పడ్డవేంది పంతులూ? దగ్గరికి రానా?"

"రాకు. గాడనే నిలబడు. నువ్వొస్తే అది కదుల్తది."

"ఏంది కదిలేది?"

"ఆఖరుకు పురుగు ముట్టింది మల్లన్నా."

తంతి కొట్టే తారు బాబూ, మీరు బెజవాడ నుంచి ఈ టేషనుకు కొత్తగ వచ్చిన్రు, మీకు తెలువకపోవచ్చు. వీళ్లు ఎందుకు నవ్వుతున్నరో చెప్త. మా దిక్కు పాము పేరు నోటితోటి తియ్యరు. తీస్తే పిలిచినట్టయి వస్తదంటరు. 'పురుగు' అంటరు. పాము కరిచిందని గూడ అనరు. 'పురుగు ముట్టింది' అంటరు. పుట్టి బుద్ధెరిగినకాడికెల్లి నేను గూడ అంటనే ఉన్న. కాని మూడు వారాలసంది గదే ధ్యాసల ఉండి, పురుగంటే ఇంకో అర్థమున్నదన్న సంగతే మరిచిన. జాబు ముట్టింది, పార్సిలు ముట్టింది అంటం గదా, గా తీర్గనే నోట్లెకెల్లి వచ్చింది.

మల్లయ్య మేకలను అదిలించుడు ఆపిండు. తర్వాత మెల్లగ అడిగిండు, "నొప్పున్నదా పంతులూ?"

"మెడ గుంజుతున్నది, చేతులు తిమ్మిరెక్కినయి. ఫికర్ లేదు. జర మా ఇంట్ల చెప్పు. ఇగ బువ్వకు నా కోసం ఎదురు చూడొద్దను. ఆమెను తినమను."

మల్లయ్య మేకలను ఆడనే ఇడిచిపెట్టి ఉరికిండు. అబ్బ, నా బువ్వ కబురుకు గింత ఉరుకుతున్నడు, ఎంత మంచోడు అని నేను సంబురపడ్డ.

ఆయన చేసిన తప్పు ఒక్కటి గూడ లేదు. మా ఇంటి ముందర నిలబడి నా మాటలు అచ్చరం పొల్లు పోకుంట చెప్పిండట. పురుగు ముట్టిందట, మెడ గుంజుతున్నదట, మొఖం మీద బట్ట గూడ తనే కప్పుకున్నడు, ఇగ బువ్వకు ఎదురు చూడొద్దన్నడు అని. బట్ట ముచ్చటొక్కటే ఆయన కలిపింది. అది గూడ కండ్లార చూసిందే.

ఇక్కడ నాకు ఎండొచ్చింది. మొగులు పగిలి ఒక్క తునక వెలుగు సక్కగ ఆ పురుగు మీదనే పడ్డది. ధగధగ మెరిసింది. రేకు గుంజిన, బుడ్డి పిసికిన, బుస్సుమన్నది. అయిపోయింది. బొంబాయి పోయి వచ్చినంత పనైంది నాకు.

మరి రేకు దించాలె గదా. దించెటోన్నే. గంతల ఆకు సంగతి యాదికొచ్చింది. పురుగు జాడ తెలియాలంటే అది తినే ఆకు ఏదో తెలియాలె, ఇది డాక్టరు సాబు చెప్పిన మొదటి పాఠం. చూస్తే తెలియకపోతే వాసన చూడాలె. వాసనకు గూడ తెలియకపోతే నమలాలె. నమిలేది మాత్రం ఆయన చెప్పలే, నేను కలుపుకున్న. నాలుగాకులు తెంపి నమిలిన. జర చేదు, అంతే. ఏం ఆకో తెలువలే. ఇంకో రెండు నములుతుంటె ఏడుపులు ఇనపడ్డయి.

ఎవరో పోయినట్టున్నరు పాపం అనుకున్న. లేసి చూస్తే నలుగురు మనుషులు నులక మంచం మోసుకొని నా దిక్కే వస్తున్నరు. ఎనుక వాడకట్టంతా. ముందర మా అత్త.

మా అత్త ఆదివారం తప్పకుంట ప్రార్థనకు పోతది. ప్రభువు తప్ప దిక్కు లేదంటది. కాని పురుగు మాట ఇనంగనే ప్రభువును ఒక చేత్తోటి, మంత్రాల కనకయ్యను ఒక చేత్తోటి పట్టుకొని వచ్చింది. "ఓ అల్లుడా, నా బిడ్డను నడి ఏట్ల ఇడిచిపెడితివా, మొన్ననే గద కొత్త దోతి తెచ్చుకుంటివి, ఇగ అదెవరు కట్టాలె అల్లుడా" అని రాగం తీస్తున్నది. ఆమె పక్కన మార్తమ్మ. ఏడుస్తలేదు. చేతిల రోకలి ఉన్నది.

నేను నిలబడే ఉన్న గదా, చూసి ఊకుంటరనుకున్న. "నిలబడ్డడు, విషం తలకెక్కిందంటే గట్లనే లేసి నిలబడ్తరు" అన్నడు ఎవడో. నలుగురూ నన్ను పట్టి మంచం మీద పండబెట్టిన్రు. మణికట్టు చూసిన్రు. రెండు చుక్కలు, పక్కపక్కన. పరికి ముండ్లని చెప్తే ఎవ్వలు ఇంటరు? మోచేతి మీద నులక తాడు గట్టిగ కట్టిన్రు.

కనకయ్య ముసలాయన, నిదానస్తుడు. నా నోరు తెరిపించి యాపాకు పెట్టిండు. "ఎట్లున్నది పంతులు?"

"చేదు."

అందరూ హమ్మయ్య అన్నరు. చేదు తెలిస్తే విషం ఎక్కలేనట్టు లెక్క. మా అత్త "స్తోత్రం" అన్నది. "జరాగు, తీపి గూడ చూడాలె" అని కనకయ్య మూట ఇప్పి బెల్లం ముక్క నా నోట్ల పెట్టిండు. "ఇదెట్లున్నది?"

నమిలిన. మల్ల నమిలిన. ఏం చెప్పాలె? ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాది, అదే నా కర్మ.

"మన్ను తిన్నట్టున్నది."

మా అత్త ఎత్తుకున్న రాగం ఈసారి రైలు టేషను దాకా ఇనపడి ఉంటది. తారు బాబూ, మీరు ఇనలేదా? బెల్లం మన్ను లెక్క ఉండుడేంది? నిజంగనే ఏదన్న ముట్టిందా, నాకే తెలువలేదా? ఒక్క నిమిషం నేను గూడ నమ్మిన. అబద్ధమెందుకు, కొత్త దోతి నా కండ్ల ముందట కనపడ్డది.

"ఆ పురుగు యాడికి పోయింది?" అని అడిగింది మార్తమ్మ. గొంతుల తడి లేదు.

"యాడికి పోలే. పెట్టెల పట్టిన" అన్న.

మందంతా పది అడుగులు ఎనుకకు జరిగింది. మంచం కాడ ఉన్న నలుగురు సుత నన్ను ఇడిచిపెట్టిన్రు. మార్తమ్మ ఒక్కతే ముందుకు నడిచింది. రోకలి లేపి, పెట్టె కాడికి పోయి, వంగి, ఆ అద్దం కంట్లకెల్లి లోపలికి చూస్తున్నది. పాము తల ఎటున్నదో చూసుకొని కొట్టాలె గదా.

"కొట్టకు మార్తా, అది డాక్టరు సాబుది" అని మొత్తుకున్న.

"అయ్యో, పాముకు యజమానిని చెప్తున్నడు. మతి పోయింది" అన్నది మా అత్త. తొందరల ఆమె గూడ పేరు తీసేసింది.

మంచం మీంచి దుంకిన. కాలు నులకల చిక్కింది. మంచంతోటి సహా పెట్టె పక్కన బొక్కబోర్ల పడి మార్తమ్మ కాళ్లు పట్టుకున్న. నా మోకాలు కింద ఏదో మెత్తగ నలిగింది. పెట్టె బుస్సుమన్నది.

ఇగ చూసుకోండ్రి. వాడకట్టంతా గుట్ట దిగి ఉరికింది. మంచం మోసినోళ్లు మా అత్తను మోసుకొని ఉరికిన్రు. ఆడ మిగిలింది ముగ్గురం. నేను, కదలని కనకయ్య, రోకలి లేపిన మార్తమ్మ. నా గురించి తర్వాత ఎన్నన్న చెప్పుకోండ్రి గాని, ఒక్కటి నిజం. పెట్టె బుసకొట్టినా ఆమె ఒక్క అడుగు ఎనుకకు వెయ్యలే. నా కోసం పాముతోటి కొట్లాడనీకి వచ్చింది. అంత గడబిడల సుత నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

కనకయ్య మాత్రం నా దోతి మీద పడ్డ ఆకు ముక్కలు చూస్తున్నడు. "పంతులూ, గీ ఆకు తిన్నవా?"

"తిన్న."

ముసలాయన ఒక ఆకు తెంపి తను నమిలిండు. నిమ్మళంగ నమిలిండు. తర్వాత బెల్లం ముక్క నోట్లేసుకున్నడు. చప్పరించి ఉమ్మేసి, "మన్నే" అన్నడు. "ఇది పొడపత్రి. ఇది నమిలినంక చక్కెర గూడ ఇసుకే. కొద్దిసేపుంటే మల్ల తీపి తెలుస్తది. ఏం ఫికర్ లేదమ్మా, నీ పెనిమిటికి ఏం ముట్టలే."

అంటే ఆరాకులు నమిలినా నాకు పేరు దొరకని ఆకును ఆయన ఒక్క నమలుడుతోటి చెప్పిండు. నేను సిగ్గు లేకుంట అప్పుడే నోటుబుక్కు తీసి రాసుకున్న.

మార్తమ్మ రోకలి కింద పెట్టింది. ఆకు ఎత్తి వెండి పురుగును చూపించిన. అటు చూసింది, ఇటు నన్ను చూసింది. "దీని కోసమా?" అని రాయి మీద కూలబడి అప్పుడు ఏడ్చింది. నాకు భూమి పగిలితే పోదామనిపించింది. ఏం చెప్పి ఊకోబెట్టాలె? పక్కన కూసొని, "శాపల పులుసు ఉన్నదా?" అన్న. రోకలి మల్ల చేతిలకు తీసుకున్నది.

రేకు దించలేదన్న సంగతి ఇంటికొచ్చి, పులుసు తిన్నంక యాదికొచ్చింది. దించి దండం పెట్టిన. నా మోకాలు కింద నలిగింది ఏందో మాత్రం నా మట్టి బుర్రకు అప్పుడు గూడ తట్టలే.

శనివారం పెట్టె ఇచ్చేటప్పుడు డాక్టరు సాబు చెప్పిన తీర్గ ఒక చిట్టీ గూడ రాసిచ్చిన. బొమ్మ కింద అతికించనీకి. బొంబాయికి పోయేది గదా అని గ్రాంథికంల రాసిన. దాన్ని ఆయన తర్వాత ఇంగ్లీషుల చేసుకుంటడు.

సోమవారం పిలిపించిండు. తస్వీరు అట్టకు అతికించి బల్ల మీద పెట్టి, నోటికి దస్తీ అడ్డం పెట్టుకొని కూసున్నడు. చూసిన. మార్తమ్మ. కండ్లు ఉరిమి, పండ్లు బిగవట్టి, రోకలి లేపి ఉన్నది. పొద చీకటి మీద మొఖం అచ్చు గుద్దినట్టు పడ్డది. సక్కగ ముక్కు కింద వెండి పురుగు ఏలాడుతున్నది, బులాకి పెట్టుకున్నట్టు. మిషన్ బడిల చదివినామె, ముక్కుకు పుల్ల గూడ పెట్టదు.

"మాస్టర్ సాబ్, నేను ఓడిన. పురుగు ఉన్నది" అన్నడు డాక్టరు సాబు. "కాని గిది బొంబాయికి పంపితే వాళ్లు పురుగు పేరు అడగరు. బేగం సాహెబా పేరు అడుగుతరు."

అట్ల నా పేరు బొంబాయికి పోకుంటనే భువనగిరిల ఆగిపోయింది. కడుపుల బాధనే. కాని పెండ్లయి పన్నెండేండ్లాయె, ఆమెకు ఒక్క ఫోటో లేదు. ఇంటికి తీస్కపోయి చేతిల పెట్టిన. మురిసిపోతదనుకున్న. అట్ట కింద అతికించిన చిట్టీ ముచ్చట నేను మరిచిన. ఆమెకు చదువొస్తదన్న ముచ్చట గూడ మరిచిన.

మొఖం కింద నా దస్తూరీల, గుండ్రటి అచ్చరాలల్ల ఉన్నది:

"పేరు: ఇంకను తెలియలేదు. దొరికిన స్థలము: గుట్ట వెనుక పొద. వయస్సు: సుమారు ఎనిమిది దినములు. ఆహారము: పొడపత్రి యను చేదు ఆకులు. స్వభావము: ఉలుకు పలుకు లేక వ్రేలాడుచుండును. ముట్టినచో విదిలించుకొనును. మనుష్యులకు హాని చేయదు."

మార్తమ్మ మొత్తం చదివింది. తాపీగ చదివింది. నా జేబులకెల్లి పెన్సిలు తీసుకొని, ఆఖరి వాక్యం ఒక్కటి అడ్డంగ కొట్టేసింది.

ఇగ చాయ్ తాగుదాం పాండ్రి, సల్లారిపోతున్నది. పురుగును పోల్చుకునుడు నాకింకా రాలేదు.